దవడకంతికి నెత్తురు కాలువలు

నీరు లేనిదే పైరు లేదు. విత్తనము ఎంత మంచిదైనను, నేల ఎంత సారవంతమైనదైనను, బోదెనుండి మడికి నీరు మళ్లినగాని మొలక నిలువదు. ఈ మాట మన చదువరులకు మేము చెప్పవలసిన పనిలేదు. అయితే ఈ నియమము పొలమునకే గాక శరీరమునకును, శరీరములో పుట్టెడి కంతులకును వర్తించునని యెఱిగినవారు తక్కువ. కంతి యనునది ఒంటిలో మొలచిన కలుపుమొక్క వంటిది. దానికిని నీరు కావలయును. ఆ నీరు మన నెత్తురే. ఆ నెత్తురు దానికి ఎట్లు చేరుచున్నది? దానికి కాలువలు త్రవ్వువా రెవరు? అర్ధశతాబ్దికి పైగా సాగిన పరిశోధనలవలన తేలిన సమాధానము ఆలోచింపదగినది. కంతి ఈ పనిని ఒంటరిగా చేసికొనదు. మన శరీరమును కాపాడుటకు ఏర్పడిన కావలికణములను సైతము ఆ పనికి దింపుచున్నది.

ఈ సంగతిని దవడకంతులను ఉదాహరణముగా గైకొని వివరింపదలచితిమి. దవడనే యేల యెన్నుకొంటిమనగా, వ్యవసాయదారుడు కాలిలో ముల్లు విఱిగిన ఆ దినముననే దానిని తీయించుకొనును. జ్వరము వచ్చినచో రెండు దినములలో వైద్యుని కడకు పోవును. దవడపై నొప్పి లేని వాపు కనబడినప్పుడు మాత్రము, “పన్నుపోటు కాబోలు, కోతలు కానిమ్ము, నూర్పిళ్లు కానిమ్ము” అని యేడాదులు గడపును. నొప్పి లేదు గనుక అపాయము లేదని తలచును. ఆ లోపల ఎముకలో ఏమి జరుగుచున్నదో తెలిసినయెడల ఎవ్వరును అట్లు ఆలసింపరని మా నమ్మకము.

దవడకంతి యన నేమి?

దవడలో పుట్టు వాపులన్నియు ఒక జాతివి కావు. పుచ్చిన పంటిమొదట చీము పట్టి వచ్చు వాపు ఒకటి. అది నొప్పితోడను, ఒక్కొక్కప్పుడు జ్వరముతోడను త్వరగా వచ్చును. ఎముకలో నీటితిత్తివలె ఏర్పడునది మఱియొకటి. పొగాకు నమలుటవలనను, చుట్ట కాల్చుటవలనను నోటిలో పుట్టి దవడయెముకలోనికి చొచ్చుకొనిపోవు క్యాన్సరు, అనగా రాచపుండు, వేఱొకటి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో స్త్రీలు చుట్టను నిప్పుకొన నోటిలోపల నుంచుకొని కాల్చెడి ‘అడ్డపొగ’ యలవాటు కలదు. దానివలన అంగిలిలో క్యాన్సరు పుట్టుచున్నదని 1957 లోనే మన వైద్యులు వైద్యపత్రికలో ప్రకటించిరి. అంగిలి పైదవడలోని భాగమే గదా.

వీనిలో చేరనివి, పొగాకుతో సంబంధ మున్నట్లు తేలనివి, పండ్లు పుట్టించు కణములనుండియే పుట్టు కంతులు మఱికొన్ని కలవు. వానిలో ముఖ్యమైనదానికి అమిలోబ్లాస్టోమా అని పేరు. శిశువునకు పండ్లు ఏర్పడునప్పుడు, పంటిపైన నిగనిగలాడు గట్టి పింగాణిపొరను తయారుచేయుటకు కొన్ని కణములు దవడలో పనిచేయును. పన్ను వెలికి వచ్చిన పిదప వాని పని తీఱిపోవును. కాని ఆ జాతి కణములు కొన్ని దవడలో మిగిలిపోవచ్చును. ఏండ్లు గడచిన తరువాత అట్టి కణములు అదుపు తప్పి పెరుగుటయే ఈ కంతి. 1885 లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మలస్సే దీనికి పింగాణిపొరను సూచించు పేరు పెట్టెను. ఇప్పటి పేరు 1930 నుండి వాడుకలోనికి వచ్చినది.

ఈ కంతులలో నూటికి ఎనుబది వంతున క్రిందిదవడలోనే, అందును వెనుక భాగమున జ్ఞానదంతము దరి పుట్టును. ముప్పది నలుబది యేండ్ల ప్రాయమువారిలో తఱచుగా కనబడును. ఇది రాచపుండువలె సాధారణముగా దూరపు అవయవములకు ప్రాకదు. అందుచేతనే దీనిని ‘సాధుకంతి’ యని కొందఱు పిలుతురు. కాని ఈ సాధువు కూర్చున్నచోటనే కూర్చుండి ఇల్లంతయు తినివేయును. ఎముక పలుచబడి, ఉబ్బి, పండ్లు కదలి, ముఖము వంకర తిరుగును. కడపట చిన్న దెబ్బకే దవడ విఱుగవచ్చును.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలసియున్నది. మన యెడ్లకును ఆవులకును దవడపై ఱాతివంటి గడ్డ వచ్చుట పలువురు చూచియుందురు. మోటుగడ్డియు ముండ్లును నోటిలో గాయము చేయగా, ఆ గాయముగుండ ఒక సూక్ష్మజీవి యెముకలోనికి చొచ్చుటవలన అది కలుగును. అది సూక్ష్మజీవివలన వచ్చు రోగమేగాని కంతి కాదు. పశువైద్యులు దానికి అయొడీను మందు వాడుదురు. “ఎద్దుకు తగ్గినది, మనిషికి తగ్గదా?” యని ఆ మందునే మనుష్యుని దవడకంతికి వాడబూనుట తగదు. చూపునకు రెండును గడ్డలే యైనను వాని పుట్టుకలు వేఱు.

నెత్తురు లేని కంతి పెరుగదు

శరీరములోని ప్రతి కణమునకును ప్రాణవాయువు, ఆహారము కావలయును. ఇవి వెండ్రుకకంటెను సన్ననైన కేశనాళికలనుండి ఊరి కణములకు చేరును. పొలములో బోదె గట్టునకు దూరమైనకొలది చెమ్మ తగ్గునట్లే, నాళికకు దూరమైనకొలది ప్రాణవాయువు తగ్గును. మిల్లీమీటరులో పదవ వంతు మొదలుకొని అయిదవ వంతు వఱకే, అనగా ఒకటి రెండు వెండ్రుకల లావు దూరము మాత్రమే, అది చొరగలదు. అంతకంటె దూరమున నున్న కణములు ఉక్కిరిబిక్కిరియై చచ్చును. కావున క్రొత్త రక్తనాళములు రాకున్నయెడల ఏ కంతియు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగజాలదు. అది ఆవగింజంతయై ఆగిపోవును.

ఈ సత్యమును లోకమునకు గట్టిగా చెప్పినవాడు జూడా ఫోక్‌మన్ అను అమెరికా శస్త్రవైద్యుడు. 1960 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన బెథెస్డాలోని నౌకాదళ వైద్యపరిశోధనాలయమున పనిచేయుచుండెను. జంతువులనుండి తీసిన థైరాయిడు గ్రంథులను గాజుపాత్రలో నుంచి, కృత్రిమద్రవమును ప్రవహింపజేసి, వానిని బ్రతికించి, అందు క్యాన్సరు కణములను నాటెను. ఆ కణములు కొంత పెరిగి ఒకటి రెండు మిల్లీమీటర్లకు ఆగిపోయెను. చచ్చినవా యని చూడగా చావలేదు. వానినే తీసి బ్రదికియున్న చుంచెలుకలలో నాటగా త్వరితముగా పెరిగి పెద్ద కంతులయ్యెను. భేద మేమన, గాజుపాత్రలోని గ్రంథినుండి క్రొత్త రక్తనాళములు మొలవలేదు, ఎలుకలో మొలచెను. కంతి తనకు కావలసిన నాళములను పుట్టించుకొనుటకు ఏదో ద్రవ్యమును విడుచుచున్నదనియు, ఆ మార్గమును అడ్డగించినచో కంతిని అణచవచ్చుననియు ఆయన 1971 లో వ్రాసెను. తొలుత పెక్కుమంది దీనిని నమ్మలేదు.

తరువాత ఆ ద్రవ్యము దొరకెను. కంతులు విడుచు ఒక పదార్థము రక్తనాళముల గోడలను కాఱునట్లు చేయుచున్నదని 1983 లో బోస్టను నగరమున డ్వోరాక్ అను వైద్యుడును ఆయన సహచరులును కనిపెట్టిరి. రక్తనాళములను మొలిపించు ద్రవ్యమొకటి 1989 లో కాలిఫోర్నియాలో ఫెరారా అను శాస్త్రజ్ఞునిచే శుద్ధిచేయబడెను. ఈ రెండును ఒక్కటియే యని పిదప తేలినది. దీనిని మనము రక్తనాళవర్ధకద్రవ్యము అందము. ప్రాణవాయువు తగ్గిన కణము ఈ ద్రవ్యమును విడుచును. ఎండిన మడి తనంతట తానే కేకవేసి నీటిని పిలిచినట్లున్నది గదా. కణములు ప్రాణవాయువు కొఱతను ఎట్లు గుర్తించునో కనుగొన్నందుకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో నోబెలు బహుమానము లభించెను. దవడయందలి అమిలోబ్లాస్టోమా కణములలోను ఈ వర్ధకద్రవ్యము ఉన్నదని పరీక్షలవలన తెలియుచున్నది.

కావలికణములు ఏమి చేయుచున్నవి?

కేక వేసినంతమాత్రమున నీరు రాదు. తూము ఎత్తవలయును, మడవ త్రవ్వవలయును. ఆ పనికి కంతి ఎవరిని వాడుకొనుచున్నదో చూతము.

మన శరీరములో రోగములను ఎదుర్కొనుటకు పలువిధములైన రక్షకకణములు కలవు. అందు మాస్టు కణము ఒకటి. జర్మనీ దేశపు పాల్ ఎర్లిక్ 1878 లో, ఇంకను ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, తన పట్టపరీక్షా వ్యాసములో దీనికి ఈ పేరు పెట్టెను. రంగులు పూసి సూక్ష్మదర్శినిలో చూడగా ఈ కణముల కడుపునిండ గింజలవంటి రేణువులు కనబడెను. ఇవి బాగుగ మేసి బలిసిన కణములని తలచి, జర్మను భాషలో మేపుటను తెలుపు మాటనుండి ఆ పేరును గైకొనెను. అవి మేసిన మేత కాదనియు, గాదెలో దాచిన సరకులవలె అవసరమునకు సిద్ధముగా నుంచుకొన్న ద్రవ్యములనియు పిదప తెలిసెను.

ఈ కణములు చర్మముక్రిందను, నోటిపొరలయందును, రక్తనాళముల ప్రక్కనే కాపురముండును. ముల్లు గ్రుచ్చుకొన్నను, తేలు కుట్టినను, సూక్ష్మజీవులు చొరబడినను తమ రేణువులను వెలికి జల్లును. అందలి హిస్టమిన్ రక్తనాళములను వెడల్పుచేసి, గోడలు కాఱునట్లు చేయును. దెబ్బ తగిలిన చోట ఎఱ్ఱబడి వాచుట కిది యొక కారణము. హెపారిన్ నాళములలోని కణములు ముందునకు ప్రాకుటకు తోడ్పడును. ట్రిప్టేజు మొదలగు ద్రవ్యములు చుట్టునున్న కండపీచును కరగించి దారి యిచ్చును. వీనితోపాటు రక్తనాళవర్ధకద్రవ్యమును గూడ ఈ కణములు విడువగలవు. మొత్తముమీద కాలువ త్రవ్వుటకు కావలసిన గడ్డపార, పార, తట్ట యన్నియు ఒక్క కణములోనే యున్నవి.

గాయము మానుటకు ఈ పనియంతయు అవసరము. క్రొత్త నాళములు వచ్చినగాని క్రొత్త కండ నిండదు. గాయము మానగానే ఆ నాళములు చాలవఱకు తగ్గిపోవును. పనివారు ఇండ్లకు పోవుదురు. కంతియొద్ద మాత్రము పని ముగియదు. కంతి యనునది మానని గాయము వంటిదని డ్వోరాక్ వైద్యుడు 1986 లో వివరించెను. గాయ మున్నదను భ్రమను కంతి నిరంతరము కలిగించుచుండును. బాగుచేయవచ్చిన పనివారు అచ్చటనే నిలిచి, తెలియక దానికే చాకిరి చేయుచుందురు.

ఇది ఊహమాత్రము కాదు. ఫోక్‌మన్ సహచరులు 1976 లో కోడిగ్రుడ్డులోని పిండపుపొరపై కంతిముక్కల నుంచి చూచిరి. క్రొత్త రక్తనాళములు రాకముందే మాస్టు కణములు పలురెట్లు అధికమై అచ్చట గుమిగూడెను. పుట్టుకతోనే మాస్టు కణములు లేని చుంచెలుకలలో కంతిచుట్టు నాళములు మందముగా మొలచినవని 1988 లో ప్రకటింపబడెను. అనగా నీరుగంటివాడు లేని ఊరిలో కాలువ త్రవ్వకము ఆగలేదు గాని వెనుకబడినది.

మాస్టు కణమునకు తోడు మఱి రెండు జాతులవారు గలరు. సూక్ష్మజీవులను మ్రింగెడి పెద్ద భక్షకకణములు మొదటివి. ప్రాణవాయువు తక్కువైన చోటునకు ఇవి వచ్చి చేరి వర్ధకద్రవ్యమును విడుచును. ఎముకను తొలుచు కణములు రెండవవి. ఇవియు భక్షకకణముల వంశమువే. పాత యెముకను తొలిచి క్రొత్త యెముకకు చోటిచ్చుట వీని నిత్యకృత్యము. అమిలోబ్లాస్టోమా కణము తాను సూటిగా ఎముకను కొఱుకుట యరుదు. అది ఒక సంకేతద్రవ్యమును విడిచి, ఈ తొలుచు కణములను ప్రేరేపించి, వానిచేత ఎముకను త్రవ్వించి, ఏర్పడిన గుంటలోనికి తాను జరుగును. ఒకరు నీరు మళ్లింతురు, మఱియొకరు గట్టు త్రెంపుదురు. పంట మాత్రము దొంగది.

దవడలో దీనిని ఎట్లు లెక్కింతురు?

శస్త్రవైద్యుడు తీసిన కంతిముక్కను మైనములో బిగించి, మిక్కిలి పలుచని పొరలుగా కోసి, గాజుపలకపై అతికింతురు. టొలుయిడిన్ బ్లూ అను నీలిరంగు పూసినచో తక్కిన కణములు నీలముగా నుండగా, మాస్టు కణముల రేణువులు ఊదావన్నెకు తిరుగును. రక్తనాళముల లోపలిపొరను మాత్రమే పట్టుకొను మఱియొక మందు పూసినచో నాళములు గోధుమవన్నెతో వెలికివచ్చును. అంతట సూక్ష్మదర్శినిలో కొలతగల గడులనుండి ఈ కణము లెన్ని, నాళము లెన్ని యని లెక్కింతురు. మనదేశపు దంతవైద్య కళాశాలలలో సైతము ఇట్టి లెక్కలు పెక్కుమార్లు జరిగినవి.

ఫలిత మేమి? అన్నియు ఒక్కమాట చెప్పుటలేదు. కొన్ని పరిశోధనలలో మాస్టు కణములు హెచ్చిన చోట రక్తనాళములును హెచ్చుగా నున్నవి. మఱికొన్నిటిలో ఆ రెంటికి పొందిక కనబడలేదు. కంతిజాతినిబట్టియు, కంతిలోని చోటునుబట్టియు లెక్క మాఱుచున్నది. ఇంకొక చిక్కు గలదు. రెండు వస్తువులు ఒక్కచోట నుండుటచేత ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. క్రొత్తగా నీరు పెట్టిన మడిలో కొంగలు గుంపుగా వ్రాలును. అంతమాత్రమున నీరు పెట్టినవి కొంగలే యనవచ్చునా? జంతువులలో చేసిన పరీక్షలవలన మాస్టు కణము కాలువలకు తోడ్పడగలదని నిశ్చయముగా తెలిసినది. మనుష్యుని దవడలో ఏ కంతియందు ఎంత తోడ్పడుచున్నదో యింకను తూచుచున్నారు. ఈ లెక్కనుబట్టి చికిత్సను నిర్ణయించు ఆచారము ఇంకను ఏర్పడలేదు.

మఱియు రక్షకకణములన్నియు ద్రోహులని చదువరులు తలపరాదు. కంతికణములను గుర్తించి చంపెడి లింఫుకణములు మనలో గలవు. కంతి పుట్టించుకొను నాళములు వంకరటింకరగా, కాఱుచు, క్రమము లేక యుండుటవలన ఆ వేటకాండ్రు లోపలికి చేరుటయే కష్టమగుచున్నది. ఒకే సేనలో కొందఱు శత్రువుతో పోరాడుచుండగా మఱికొందఱు తెలియక శత్రువునకు దారి వేయుచున్నారు. కావున “రోగనిరోధకశక్తిని పెంచుము, కంతి కరగును” అని సీసాలమ్మువారి మాట ఎంత పొల్లో తెలియగలదు. ఏ కణమును పెంచవలెను, దేనిని తగ్గింపవలెను అను వివేకము ఆ సీసాకు లేదు.

ఈ జ్ఞానమువలన ప్రయోజనమేమి?

నాళవర్ధకద్రవ్యమును పట్టి యడ్డగించు మందు అమెరికాలో 2004 లో మొదటిసారి అనుమతి పొందెను. పెద్దప్రేగు క్యాన్సరు మొదలగు కొన్నిటిలో ఇతర చికిత్సలతోపాటు దానిని వాడుచున్నారు. అయితే ఫోక్‌మన్ ఆశించినంత సులభముగా కంతులు ఎండిపోలేదు. ఒక బోదెను కట్టినచో కంతి మఱియొక బోదెను త్రవ్వుకొనుచున్నది. గాయములు మానుటకును అవే నాళములు కావలయును గనుక ఈ మందు వాడువారికి పుండ్లు ఆలస్యముగా మానును. కొందఱిలో దవడయెముకయే చచ్చుటయు కలదు. అమిలోబ్లాస్టోమాకు ఇది చికిత్స కాదు.

వేఱొక మార్గమున మంచి ఆశ కనబడుచున్నది. క్రిందిదవడలోని అమిలోబ్లాస్టోమాలలో సగమునకు పైగా బ్రాఫ్ అను ఒక జన్యువులో ఒకే విధమైన మార్పు ఉన్నదని 2014 లో కనుగొనిరి. ఆ మార్పును అణచు బిళ్లలవలన కొందఱు రోగుల కంతులు కుదించుకొనిపోయినవి. కాని నేటికిని ప్రధానమైన చికిత్స శస్త్రచికిత్సయే.

శస్త్రచికిత్సలో ఒక సంగతి గమనింపదగినది. కంతిని గీకి తీసినంతమాత్రమున చాలదు. కంతికణములు ఎక్సు-రే చిత్రములో కనబడు అంచును దాటి ఎముక సందులలోనికి వేళ్లు పాఱించియుండును. తుంగను పైపైన కోసినచో గడ్డ మిగిలి మఱల మొలచునట్లే, గీకివేసిన అమిలోబ్లాస్టోమా తఱచుగా మఱల వచ్చును. అందుచేత సాధారణజాతి కంతికి కనబడు అంచునకు ఆవల ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి యెముకను గూడ కలిపి తీయుదురు. కంతి చిన్నదైనచో పోవు ఎముకయు చిన్నదే. పెద్దదైనచో దవడలో సగము పోవును. ఆలస్యమునకు మనము చెల్లించు వడ్డీ ఇదియే.

పోయిన దవడను మఱల కట్టుటయందును నెత్తురే ప్రధానము. పిక్కలోని సన్నని యెముకను దానికి నెత్తురు తెచ్చు నాళములతోకూడ తీసి, దవడ వంపునకు తగినట్లు అమర్చి, ఆ నాళములను మెడలోని నాళములకు సూక్ష్మదర్శిని సాయమున కుట్టుదురు. ఈ పద్ధతిని 1989 లో దవడకు వాడి చూపిరి. నాళము తెఱచియున్నచో ఎముక బ్రదుకును, మూసికొనిపోయినచో చచ్చును. వరినారును మన్నుతో పెఱికి తెచ్చినను, నాటిన మడికి నీరు లేకున్న నిలువదు గదా. కంతిని పెంచిన నియమమే దవడను నిలుపుటకును తోడ్పడుచున్నది.

మన సభ్యులు చేయవలసినవి

1. దవడయెముకలో వాపు, ఒకప్రక్క ముఖము ఎత్తుగా కనబడుట, కారణము లేక పండ్లు కదలుట లేక వరుస తప్పుట, పన్ను తీసిన గుంట మానకుండుట, క్రిందిపెదవి తిమ్మిరెక్కుట, నోటిలో పుండు రెండు మూడు వారములకు మించి యుండుట — వీనిలో ఏది కనబడినను దంతవైద్యునికి చూపవలయును. నొప్పి కొఱకు వేచియుండరాదు.

2. కదలుచున్న పన్నును తొందరపడి తీయించుకొని ఊరకుండరాదు. ముందు ఎక్సు-రే చిత్రము తీయింపుమని అడుగవలయును. జిల్లా ఆస్పత్రులలోను, దంతవైద్య కళాశాలలలోను ఈ వసతి కలదు.

3. వైద్యుడు చిన్నముక్క తీసి పరీక్షింపవలెనన్నచో భయపడరాదు. “కత్తి తగిలిన కంతి ప్రాకును” అను మాట జనులలో కలదు. ముక్కపరీక్ష లేనిదే ఇది చీమా, తిత్తియా, కంతియా, రాచపుండా యని తేల్చుట సాధ్యము కాదు.

4. వాపుపై వాతలు పెట్టుట, ఘాటు పసరులు కట్టుట, సూదితో పొడుచుట పనికిరాదు. గాయమైనచోట రక్షకకణము లేమి చేయునో పైన వ్రాసితిమి. వాతవలన కంతి చావదు. గాయము మాత్రము మిగులును.

5. శస్త్రచికిత్స జరిగినవారు బాగుగ నున్నామని పరీక్షలు మానరాదు. ఈ కంతి పదియేండ్ల తరువాత గూడ మఱల వచ్చుట కలదు. ఏడాదికొకసారి చిత్రము తీయించుకొని చూపించుకొనుట మేలు.

6. పొగాకు పండించువారు దానిని నమలవలెనను నియమము లేదు. పంటిపుట్టుక కంతులను మనము ఆపజాలము. పొగాకువలన వచ్చు నోటిక్యాన్సరును చాలవఱకు ఆపగలము. ఇంటిలోని పెద్దలలో అడ్డపొగ యలవాటున్నవారి అంగిలిని అప్పుడప్పుడు వైద్యునిచే చూపించుట పిల్లల విధి.

ఖర్చు సంగతియు దాచవలసిన పనిలేదు. ఎముక మార్చి కట్టెడి శస్త్రచికిత్స గంటలకొలది సాగును. వారములకొలది పని చెడును. చిన్నకంతికి అంత పని యుండదు. ప్రభుత్వ ఆరోగ్యపథకపు కార్డు గలవారు తమకు వర్తించు చికిత్సలను ఆస్పత్రిలో ముందుగనే విచారించి తెలిసికొనవలయును. చికిత్సకై వడ్డీవ్యాపారి నోటుమీద సంతకము చేయుటకు ముందు ఈ విచారణ జరుగుట మంచిది.

మామిడికొమ్మపై బదనిక మొలచినప్పుడు మనము ఏమి చేయుదుము? చెట్టు తన నీటిని తానే దానికి పోయుచున్నదని యెఱిగి, అది రెండాకులతో నున్నప్పుడే కొమ్మతోకూడ నఱకుదుము. కాయలు కోసిన తరువాత చూతమని ఊరకున్న రైతు మఱుసటియేట ఆ కొమ్మను కోల్పోవును. దవడకంతియు అట్టిదే. మన నెత్తురే దానికి నీరు, మన కావలికణములే దానికి కూలీలు. అది చేయు పనికి చప్పుడు లేదు, నొప్పి లేదు. కాబట్టి దానిని కనిపెట్టవలసినది మన కన్నును మన చేయియు మాత్రమే. ఉదయము ముఖము కడుగుకొనునప్పుడు దవడ రెండు ప్రక్కలను ఒకమాఱు తడవి చూచుకొనుటకు పట్టు కాలము మడవ మూయుటకు పట్టు కాలముకంటె తక్కువ. సభ్యులందఱు ఈ చిన్న యలవాటును తమ యిండ్లలో నెలకొల్పుదురుగాక యని కోరుచున్నాము.